పెళ్ళి డిష్‌డాషాకు పెట్టిన పసుపు

మొన్న పొద్దున మా మనవరాలు స్కూలు చొక్కా పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది. "అమ్మమ్మా, రక్తం!" అని ఒకటే కేక. నా చేతిలో గరిటె జారి కిందపడింది. తీరా చూస్తే వాషింగ్ మెషీన్‌లోంచి అప్పుడే తీసిన తెల్లచొక్కా, దాని కింది అంచున చిటికెనవేలి గోరంత ఎర్ర మరక. మా అమ్మాయి ఇక్కడి ఆస్పత్రిలో నర్సు, రక్తానికి బెదిరే మనిషి కాదు. తాపీగా టీ తాగుతూ నా వైపు చూసి, "మళ్ళీ పెట్టావా అమ్మా?" అంది.

పెట్టాను మరి. కొత్త బట్టకు పసుపు పెట్టకుండా పిల్లకు ఎట్లా తొడుగుతాను? మస్కట్‌లో ఉన్నంత మాత్రాన మానేస్తానా?

మనవరాలు ఊరికే వదలదు. అచ్చం నా పోలికే. "పసుపైతే పచ్చగా ఉండాలి కదా, ఎర్రగా ఎందుకైంది?" అంది. సబ్బు తగిలిందే, అన్నాను. "అయితే కెమికల్ చేంజ్" అని వెంటనే తేల్చేసింది. బళ్ళో ఇప్పుడు అదే పాఠమట. మంచుగడ్డ కరిగితే మళ్ళీ గడ్డ కట్టించొచ్చు, అది ఒక రకం. కాగితం కాలితే బూడిదే, మళ్ళీ కాగితం కాదు, అది ఇంకో రకం. "రెండో రకం వెనక్కి రాదు అమ్మమ్మా. ఇంక ఈ చొక్కా ఇంతే" అని పెదవి విరిచింది.

వాళ్ళ పుస్తకంతో నాకేం పేచీ లేదు. కానీ ఈ ఎర్ర మరకతో నాకు పాత పరిచయం ఉంది. నేను నా మనవరాలి వయసులో ఉన్నప్పుడు, ఈ మస్కట్‌కు ఎంతో దూరం లేని బర్కాలో, సరిగ్గా ఇలాంటి మరకే మా ముగ్గురి కొంప ముంచబోయింది.

మా బాపు ఈ దేశానికి సైట్ పనికి వచ్చాడు. మా వైపు తండ్రిని బాపు అనే అంటాం. పరంజా మీద నుంచి పడితే కాలు విరిగింది. అతికింది కానీ వంకరగా అతికింది. ఇటుకలు మోయడానికి ఇంక పనికిరాడు. అలాంటి మనిషిని ఇంటికి పంపేయకుండా అర్బాబ్, అంటే యజమాని, బర్కాలో తనకున్న లాండ్రీలో ఇస్త్రీ బల్ల దగ్గర నిలబెట్టాడు. అదంతా ఆయన తల్లి చలవ. ఆవిడను అందరూ హబూబా అనేవాళ్ళు. అక్కడి మాటలో నాయనమ్మ అని అర్థం. మోకాళ్ళ నొప్పులతో లేవలేక కూర్చోలేక ఉండేది, చేతికింద ఒక ఆడమనిషి కావాలంది. నా భార్య ఉంది అని బాపు ధైర్యం చేసి చెప్పాడట. అట్లా అమ్మకు వీసా వచ్చింది. అమ్మ కొంగు పట్టుకుని నేనూ వచ్చాను.

లాండ్రీ వెనకాల ఒక రూమ్, అదే మా ఇల్లు. దాని వెనక ఖర్జూర చెట్లు, వాటి అవతల హబూబా వాళ్ళ ఇల్లు. మా బోటివాళ్ళకు అప్పట్లో అక్కడ బడి లేదు. అమ్మ హబూబా ఇంటికి పోతే నేను లాండ్రీలోనే పడి ఉండేదాన్ని. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ వాసనలన్నీ వరసగా వస్తాయి. ముందు బొగ్గుల వాసన, తర్వాత గంజి వాసన, గాలి సముద్రం వైపు నుంచి తిరిగితే ఎండుచేపల కంపు. మగవాళ్ళు తొడిగే డిష్‌డాషాలు, అంటే మడమల దాకా ఉండే తెల్లటి పొడుగు చొక్కాలు, మూటల్లో వచ్చేవి. మూట విప్పగానే, అక్కడివాళ్ళు సాంబ్రాణిలా వేసే బఖూర్ పొగ వాసన గుప్పున కొట్టేది. పొగ ఎప్పుడో ఆరిపోయినా వాసన బట్టలో ఎట్లా కూర్చుందా అని ముక్కు పెట్టి మరీ వెతికేదాన్ని.

ఇస్త్రీ బల్లకు అటువైపు చాచా ఉండేవాడు. కడప మనిషి. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు, గిరాకీలతో అరబ్బీ, కోపం వస్తే మూడూ. ఇస్త్రీ పెట్టె పట్టుకోవడం మా బాపుకు నేర్పింది ఆయనే. ప్రశ్నలు అడగడం మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు.

"చాచా, గంజి నీళ్ళ లెక్కనే ఉంటది గదా. పెట్టె ఆనిస్తే అట్ట ఎట్లయితది?"

"నీళ్ళు పోతాయి పాపా, గట్టిది మిగుల్తాది."

"నీళ్ళు యాడికి పోతయి?"

"పైకి."

"పైకి పోయి ఏం జేస్తయి?"

"నన్ను సతాయించే పిల్ల యాడుందా అని చూస్తాయి. పో, బొగ్గులు తీసుకురా పో."

చేపలు పట్టేవాళ్ళ చొక్కాలు ఆరితే వీపు మీద తెల్లటి గీతలు తేలేవి. ఏమిటో చూద్దామని నాకాను. ఉప్పు! సముద్రం నీళ్ళు పోయి ఉప్పు చొక్కా మీదే ఉండిపోయింది. చాచా చూసి పగలబడి నవ్వాడు, రేపు ఉప్మాలో ఈ చొక్కా పిండుకుందాం అన్నాడు. ఇంకోరోజు ఎవరిదో జేబు మీద కొవ్వొత్తి మైనం కారి గడ్డకట్టి వచ్చింది. చాచా దాని మీద పాత పేపరు పరిచి పెట్టె ఆనించాడు. మైనం కరిగి పేపర్లోకి పోయింది, జేబు శుభ్రం. ఇంత తేలికా అని నేను ఒక ఖర్జూరం పండు తెచ్చి వేడి పెట్టె మీద పెట్టాను. అది మైనంలా కరిగి ఊరుకుంటుందనుకున్నాను. బుసబుస పొంగి, ముందు బెల్లప్పాకం వాసన వేసి, ఆ తర్వాత నల్లగా మాడి పెట్టెకు అంటుకుపోయింది. బాపు దాన్ని గీకలేక గీకి, నా వీపు విమానం మోత మోగించాడు. మైనం మళ్ళీ మైనమే అయినప్పుడు ఖర్జూరం మళ్ళీ ఖర్జూరం ఎందుకు కాలేదో వీపు రుద్దుకుంటూ కూడా ఆలోచించాను.

హబూబా ఇంట్లో నిమ్మకాయల కాలం ఇంకో తమాషా. పెద్ద డేగిసాలో ఉప్పునీళ్ళు మరగబెట్టి, నిమ్మకాయలు అందులో వేసి తీసి, చాపల మీద ఎండబోసేవాళ్ళు. పచ్చటి కాయ రోజులు గడిచేకొద్దీ గోధుమరంగైంది, నల్లనైంది, చేతిలో పెడితే బరువే లేదు. వాటిని లూమీ అంటారు. హబూబా ఒకదాన్ని నా చెవి దగ్గర పెట్టి ఆడించేది, లోపల గలగల. ఆవిడకు బొంబాయి హిందీ కొంచెం వచ్చు, నాకూ లాండ్రీ హిందీ కొంచెం వచ్చు, మా ఇద్దరికీ అది చాలు. నీళ్ళన్నీ ఎండ తాగేసింది, పులుపు మాత్రం మనకు వదిలిపెట్టింది అని చెప్పేది. పగలగొట్టి నాలిక మీద పెట్టుకుంటే, అబ్బా, చెవుల దాకా లాగేసే పులుపు.

చింతపండు అక్కడ సులువుగా దొరికేది కాదు. అమ్మ ఆ లూమీ నానబెట్టి పిసికి పచ్చిపులుసు చేసేది. "చింతపండు లేంది పచ్చిపులుసేంది, నా మొకం" అని బాపు మొదట్లో విసుక్కున్నాడు. తర్వాత గిన్నె వంచుకుని తాగాడు.

ఇంత హాయిగా చెబుతున్నానని అక్కడ భయం లేదనుకోకండి. బాపు రాకముందు ఆ బల్ల దగ్గర ఇంకో మనిషి ఉండేవాడట. ఎవరిదో ఖరీదైన డిష్‌డాషా మీద పెట్టె మరిచిపోయి కాల్చాడు. అర్బాబ్ ఒక్క మాట కూడా అనలేదు. వారం తిరక్కుండా ఆ మనిషి విమానం ఎక్కాడు. ఈ కథ చాచా మాకు ఒకటికి పదిసార్లు చెప్పాడు. అర్బాబ్ తిట్టడు, పంపిస్తాడు. బాపును పంపిస్తే అమ్మా నేనూ వెంట పోవాల్సిందే. ఊరికి పోతే ఆ వంకర కాలుతో బాపు చేయగలిగే పని ఏదీ లేదు, దుక్కి దున్నలేడు, మట్టి మోయలేడు. ఆ సంగతి నా అంత పిల్లకు కూడా తెలుసు. అందుకే బాపు ప్రతి డిష్‌డాషానీ పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తేవాడు.

ఆ చలికాలం చివర హబూబా చిన్న కొడుక్కి పెళ్ళి కుదిరింది. ఆ అబ్బాయంటే అమ్మకు ఎంతో ఇష్టం. తల్లికి కాళ్ళు పిసుకుతున్న అమ్మను చూసి, నువ్వు లే అక్కా, నేను పడతాను అని తను కూర్చునేవాడు. "అచ్చం మా తమ్ముని లెక్కనే ఉంటడు" అని అమ్మ మురిసిపోయేది. పెళ్ళి డిష్‌డాషా మస్కట్‌లో, హమ్రియాలోని ఒక టైలర్ దగ్గర కుట్టించారు. మెడ దగ్గర వేలాడే కుచ్చు, మంచులాంటి బట్ట. పెళ్ళికి ముందురోజు పొద్దున అది ఇస్త్రీకి మా దగ్గరికి వచ్చింది. బాపు దాన్ని బల్ల మీద పరిచి, చేతులు కడుక్కోవడానికి పోయాడు.

అమ్మ అప్పుడే బాపుకు చాయ్ తెచ్చింది. బట్టను చూసింది, మొహం విచ్చుకుంది. రూమ్‌లోకి పోయి వేలికి తడి పసుపు అద్దుకొచ్చి, కింది అంచు తిరగేసి, లోపలి వైపు చిన్న బొట్టు పెట్టి, కళ్ళకద్దుకుని, హడావుడిగా వంటకు పోయింది. నేను పక్కనే ఉన్నాను. నాకందులో వింతేమీ కనబడలేదు. కొత్త బట్ట, పసుపు పెట్టింది, అంతే కదా. మా ఇంట్లో తువ్వాలకు కూడా పెట్టేవాళ్ళం.

బాపు ఇస్త్రీ చేసుకుంటూ అంచు దగ్గరికి వచ్చాడు. అక్కడ ఆగాడు.

"ఓర్నీ! గీ మరక యాడికెళ్ళి వచ్చింది? నా చేతుల కూరగిట్ల అంటిందా?"

నేను నోరు తెరిచేలోపే ఆయన సోడా సబ్బు తడిపి రుద్దేశాడు. పచ్చ మరక కళ్ళ ముందే ఎర్రబడింది.

"భాయ్! ఇటు రా! రక్తం!"

చాచా పెట్టె వదిలేసి వచ్చాడు. "యా అల్లా! ఏం కోసుకున్నావప్పా?"

ఇద్దరూ తమ వేళ్ళన్నీ చూసుకున్నారు. తర్వాత ఒకరి వేళ్ళు ఒకరు చూసుకున్నారు. ఆ పైన ఇద్దరూ కలిసి నా వేళ్ళు చూశారు. ఎవరికీ గీరు కూడా లేదు. బాపు మళ్ళీ సబ్బు పట్టాడు. ఎంత రుద్దితే అంత ఎరుపు.

"రుద్దొద్దప్పా, ఎక్కువైతాంది! పెళ్ళికొడుకు బట్ట మీద రక్తమేందప్పా!"

నేను రూమ్‌కి పరుగెత్తాను. అమ్మ లూమీ పిసుకుతోంది. చేతులు తుడుచుకోకుండానే ఉరికొచ్చింది. చూసి, హమ్మయ్య అంది.

"రక్తం గాదు, అది పసుపే. పసుపుల సున్నం కలిపితే ఎర్రగ గాదా? గట్లనే అయ్యుంటది. నేనే పెట్టిన."

"ఏందీ? నువ్వు పెట్టినవా? ఎందుకు?"

"కొత్త బట్ట గదా. పెండ్లి పిలగాడు గదా. ఉత్త బట్ట ఎట్ల తొడుగుతడు?"

"ఆయన నీ తమ్ముడానే? వాళ్ళకు గీ రివాజుంటదా? అర్బాబ్ జూస్తే రక్తమనే అంటడు. అయిపాయె. మన నోట్లె మన్ను వడ్డది."

అమ్మ మొహం పాలిపోయింది. అప్పటిదాకా ఆమెకు ఆ సంగతి తట్టనే లేదు. గబుక్కున అంచు చేతిలోకి తీసుకుని చూసింది, వదిలింది. ఆమె వేళ్ళు ఆనిన చోట ఎరుపు లేదు. మధ్యలో పచ్చటి చుక్కలు.

"అమ్మా, నీ వేళ్ళు వడ్డకాడ మళ్ళ పసుపైంది!" అని అరిచాను.

అందరం వంగి చూశాం. నిజమే. అమ్మ తన చేతులు వాసన చూసుకుంది. లూమీ పులుసు. చాచా ఒక పాత గుడ్డపేలిక చింపి నా చేతిలో పెట్టాడు, ముందు దీని మీద చూడు పాపా అన్నాడు. పసుపు రాశాను, పచ్చ. సబ్బు రుద్దాను, ఎరుపు. పులుసు చల్లాను, మళ్ళీ పచ్చ. మళ్ళీ సబ్బు, మళ్ళీ ఎరుపు. మళ్ళీ పులుసు. నాకు ఒళ్ళు మరిచిపోయినంత సంబరం. ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లు వస్తోంది!

"మేం సస్తుంటే నీకు ఆటలా?" అని బాపు గుడ్డ లాక్కున్నాడు.

లూమీ నీళ్ళు నల్లగా ఉంటాయి, తెల్లబట్టకు కొత్త రోగం తగిలించొద్దు అని చాచా తన చాయ్ కోసం దాచుకున్న పచ్చి నిమ్మకాయ తెచ్చి ఇచ్చాడు. అమ్మ దాన్ని మరక మీద పిండింది. ఎరుపంతా పోయి పచ్చగా మిగిలింది. మంచినీళ్ళతో ఎన్నిసార్లు జాడించినా ఆ పచ్చ మాత్రం కదలదు. సబ్బు పెడితే రక్తం, పెట్టకపోతే పసుపు. ఇంక చేసేదేమీ లేక, తడి ఆరనివ్వండి అని చాచా బయట తీగ మీద ఆరేశాడు. సాయంత్రం బట్ట ఇవ్వాలి. బాపు గడప మీద కూర్చుని, అమ్మ వైపు చూడకుండా, మంచం కింది సామాను పెట్టె తీసి దులిపి పెట్టుకో అన్నాడు.

మేకలు వస్తే అదిలించమని నన్ను బట్ట దగ్గర కాపలా కూర్చోబెట్టారు. చలికాలమైనా బర్కా ఎండ ఎండే. నాకు మేకల మీద ధ్యాస లేదు, ఆ మరక మీదే కళ్ళు. ఊరికి పోతామంటే నాకూ ఏడుపు వస్తోంది. హబూబా, చాచా, ఇస్త్రీ బల్ల, ఇవన్నీ మళ్ళీ కనబడవు కదా. అయినా చూస్తూనే ఉన్నాను. ఏడుస్తూ కూడా చూడటం మానలేని పిల్లను నేను.

ముందు నా కళ్ళు చెదిరాయేమో అనుకున్నాను. పచ్చ పలచబడుతోంది. దగ్గరికి పోయి చూశాను. బొట్టులో కొంత భాగం అంచు మడత కింద పడి ఉంది. మడత విప్పి చూస్తే, నీడలో ఉన్న సగం ముదురు పచ్చ, ఎండలో ఉన్న సగం ఉందా లేదా అన్నట్టుంది. మధ్యలో గీత గీసినట్టు తేడా. మడత పూర్తిగా తెరిచి, నీడలో ఉన్న సగాన్ని ఎండకు తిప్పాను. ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. అది కూడా పలచబడటం మొదలైంది.

"బాపూ! పోతాంది! ఎండకు పోతాంది!"

ముగ్గురూ పరుగెత్తుకొచ్చారు. బాపు వంకరకాలు సంగతే మరిచిపోయాడు. ఆ మిట్టమధ్యాహ్నం ఎండలో మేం నలుగురం ఒక బట్ట అంచు చుట్టూ మూగి నిలబడ్డాం. పొద్దు వాలాక చదివే అసర్ నమాజుకు చాచా పోయి వచ్చేసరికి అక్కడ ఏమీ లేదు. తెల్లటి బట్ట, అంతే.

బాపు నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. దించగానే నేను అడగాల్సింది అడిగాను.

"యాడికి పోయింది?"

"యాడికన్న పోనీ, పీడ వోయింది. మనం పోకుంట అది పోయింది, సాలు" అన్నాడు బాపు.

"సూర్యుడు తినేసినాడు పాపా" అన్నాడు చాచా.

అమ్మ మాత్రం నవ్వలేదు. "యాడికి పోతది? బట్టలనే ఉంటది. మనకు కండ్లవడదు" అంది మెల్లగా. ఆ మాట మాకు చెబుతోందో తనకు తాను చెప్పుకుంటోందో తెలియలేదు.

బాపు ఇస్త్రీ చేస్తుంటే ఆమె పక్కకు వచ్చి నిలబడింది. "పెట్టిన పసుపు పోయింది. పెండ్లి పిలగాని బట్ట మీదికెళ్ళి. నాకు మనసున పడ్తలేదు" అంది. "నోరు మూస్కో. బతికినం" అన్నాడు బాపు. అంచు మీద పెట్టె మెత్తగా ఆనించాడు.

సాయంత్రం ముగ్గురం బట్ట పట్టుకుని పోయాం. వాకిట్లో చాప మీద హబూబా, పక్కనే అర్బాబ్ నిలబడి ఉన్నాడు. హబూబా బట్టను వేళ్ళతో తడిమింది, కళ్ళ దగ్గర పెట్టుకుని కుట్టు చూసింది, "జైన్, జైన్" అంది. బాగుంది, బాగుంది అని. బాపు ఊపిరి పీల్చుకున్నాడు. ఇంక మేం తిరిగి వచ్చేయాలి.

అమ్మ కదల్లేదు. హబూబా కాళ్ళ దగ్గర, రోజూ కూర్చునే చోటే కూర్చుంది. వచ్చీ రాని హిందీలో, నడుమ నడుమ తెలుగు కలిపి, మొత్తం చెప్పేసింది. మా దగ్గర కొత్త బట్టకు పసుపు పెడతాం, నీ కొడుకు బట్టకు నేను పెట్టాను, అడగకుండా పెట్టాను, ఎర్రగా అయింది, పోయింది. పెట్టింది పోవద్దు అమ్మా, పెళ్ళి పిలగాడికి ఏమన్నా అయితే నేను బతకలేను అని ఏడ్చింది. బాపు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన కళ్ళు అర్బాబ్ మీదే ఉన్నాయి. అర్బాబ్ ఏదో అనబోయాడు. హబూబా చెయ్యెత్తి ఆపింది.

"ఎక్కడ పెట్టావు?"

అమ్మ అంచు తిరగేసి చూపించింది. హబూబా ఆ చోటును వేలితో రాసి రాసి చూసింది. నన్ను దీపం పట్టుకోమంది. మళ్ళీ చూసింది. ఏమీ కనబడలేదు.

అప్పుడు నవ్వింది. మమ్మల్ని పెళ్ళికూతుళ్ళను చేసినప్పుడు ఒళ్ళంతా కుర్కుమ్ పూశారు, నా పెళ్ళి గుడ్డ మీద ఆ పచ్చ ఎంతకాలం ఉందో అంది. కుర్కుమ్ అంటే వాళ్ళ మాటలో పసుపే. మగపిల్లలకే ఎవరూ ఏమీ పూయరు, పాపం అని కూడా అంది. వంటింటి వైపు చూపిస్తూ నాతో, "బింతి, కుర్కుమ్ తీసుకురా" అంది. బింతి అంటే బిడ్డా అని. నేను తెచ్చిన గిన్నెను అమ్మ ముందు పెట్టి, "మళ్ళీ పెట్టు" అంది.

అమ్మ వేలు తడిచేసి పసుపు అద్దుకుంది. ముందు పెట్టిన చోటే పెట్టింది. హబూబా ఆ తడి బొట్టు మీద ఉఫ్ అని ఊదింది.

అర్బాబ్ బాపు వైపు తిరిగి, ఆరిన తర్వాత ఆ అంచు ఒకసారి ఇస్త్రీ చెయ్, సబ్బు మాత్రం తగలనీయకు అన్నాడు. దారంతా బాపు ఆ మాటే మళ్ళీ మళ్ళీ చెప్పుకుంటూ నడిచాడు. మంచం కింది పెట్టె మళ్ళీ మంచం కిందికే పోయింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఏ కొత్త బట్ట కుట్టినా ముందు మా అమ్మ దగ్గరికే వచ్చేది. పెళ్ళికొడుకు పిల్లల చిన్నచిన్న చొక్కాలు కూడా. అమ్మ అంచు తిరగేసి బొట్టు పెట్టేది, బాపు నిమ్మకాయ ఒకటి ఎప్పుడూ అరలో పెట్టుకునేవాడు. అట్లా ఏళ్ళు గడిచాయి. హబూబా పోయిన రోజు ఆ ఇంటికి కొత్త తెల్లబట్ట ఒకటి వచ్చింది. అమ్మ వాకిట్లో నిలబడి దాని వైపు చాలాసేపు చూసింది. తన చేతిని కొంగులో దాచుకుంది. ఆ ఇంట్లోకి వచ్చిన కొత్త బట్టల్లో అమ్మ పసుపు పెట్టనిది అదొక్కటే.

ఇప్పుడు ఆ లాండ్రీ లేదు. మొన్నొకసారి మా అల్లుడు కారులో అటు తీసుకుపోతే ఆ చోట సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. ఖర్జూర చెట్లు కొన్ని మిగిలాయి. అమ్మా బాపూ చాచా, ఎవరూ లేరు. కారు అద్దం దించి వాసన చూశాను. ఎండుచేపల కంపు మాత్రం వచ్చింది, ప్రాణం లేచొచ్చింది.

ఇదంతా విని మనవరాలు చొక్కా పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి పోయింది. నిమ్మచెక్క పిండింది. ఎరుపు పచ్చగా మారగానే అది వేసిన కేకకు పక్క ఫ్లాట్ మలయాళీ ఆవిడ తలుపు తీసింది. "వెనక్కి వచ్చింది అమ్మమ్మా! కెమికల్ చేంజ్ వెనక్కి వచ్చింది!" రేపు టీచర్‌ని అడుగుతానంది. అడుగు, నాకూ వచ్చి చెప్పు అన్నాను. తర్వాత చొక్కాను బాల్కనీలో ఎండకు ఆరేసి, స్టూలు వేసుకుని కాపలా కూర్చుంది. తిండికి పిలిచినా రాలేదు.

సాయంత్రానికి తెల్లచొక్కా తెచ్చి నా ముందు పెట్టింది.

"పోయింది. ఎక్కడికి పోయింది?"

ముగ్గురూ చెప్పిన మూడు జవాబులూ చెప్పాను. పీడ వదిలిందన్నది, సూర్యుడు తిన్నాడన్నది, అందులోనే ఉంది కనబడదన్నది. పిల్ల చాలాసేపు ఆలోచించింది. ఈ వెళ్ళిపోవడం మాత్రం వెనక్కి రాని రకమే అనుకుంటాను అంది. నిమ్మకాయ పెట్టినా రాదు, సబ్బు పెట్టినా రాదు, తను రెండూ పెట్టి చూసిందట.

అది చొక్కా అంచు తిరగేసి, రెండు చేతులా నా ముందుకు చాపింది.

"మళ్ళీ పెట్టు అమ్మమ్మా" అంది.

లేచి పసుపు డబ్బా మూత తీశాను.